పూతరేకుల పొయ్యి ఎత్తు: ఒక పని డైరీ

జూన్ 29

ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, ఆర్డర్లు పల్చబడ్డాయి. శనివారాలు వాడపల్లి వెంకన్న గుడికి వచ్చే జనానికి తప్ప సరుకు పెద్దగా కదలటం లేదు. మా అత్తయ్య తన పొయ్యి మీద ఎవర్నైనా చెయ్యి వెయ్యనిచ్చేది ఏడాదిలో ఈ నెల్లాళ్ళే. శ్రావణం వచ్చిందంటే పలకరించడానికి కూడా తీరిక ఉండదు. అందుకని ఇవాళ పొద్దున్నే టేపు పట్టుకుని పాకలోకి వెళ్ళాను.

మాది ఆత్రేయపురం పక్క ఊరు. నేను రావులపాలెంలో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఇంటి వెనక పాకలో అత్తయ్యతో కలిపి ఆరుగురు ఆడవాళ్ళు పూతరేకులు చేస్తారు. నలుగురు రేకు తీస్తారు, ఇద్దరు చుడతారు. 2023లో మన పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పాకలో అందరికీ కొత్త జాకెట్టు గుడ్డలు పెట్టాం. ఆ రేకు తీసే నడుముల గురించి మాత్రం ఎవరం మాట్లాడుకోలేదు.

క్లినిక్‌లో ఆరేళ్ళుగా ఆ నడుముల్నే చూస్తున్నాను. కాపడం పెడతాం, వ్యాయామాలు నేర్పుతాం. పదిరోజులకి తేరుకుంటారు. నెల తిరిగేసరికి మళ్ళీ అదే మనిషి, అదే బల్ల, అదే నొప్పి. మొన్న సంక్రాంతి ఆర్డర్లు అయిపోయిన మర్నాడు అత్తయ్య మంచం మీంచి లేవలేక, పక్కకి దొర్లి, మోచెయ్యి ఆనించి, మంచంకోడు పట్టుకుని లేచింది. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్ళూ నడుంలో వెతికాను. పొయ్యి దగ్గర ఒక్కసారీ వెతకలేదు.

ఇవాళ వెతికాను. కొలతలు రాసుకుంటున్నాను.

కూర్చునే పీట ఎత్తు 4 అంగుళాలు. పొయ్యి మీద బోర్లించిన కుండ నెత్తి నేల నుంచి 15 అంగుళాలు. సెగకి మోకాళ్ళు ఎడంగా పెట్టుకోవాలి గనక, కూర్చున్న చోటు నుంచి కుండ మధ్యకి చెయ్యి చాపితే 22 అంగుళాలు. పిండి గిన్నె కుడిపక్క నేలమీదే. కొబ్బరాకుల మోపు ఎడమపక్క, కొంచెం వెనగ్గా.

గుడ్డని రెండు చేతులా పట్టి, జయ బియ్యం రుబ్బిన పల్చటి పిండిలో ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగుతుంది అత్తయ్య. ఉల్లిపొరలాంటి రేకు నిలుస్తుంది. గోటితో అంచు లేపి, ఊడదీసి, పక్కన పేరుస్తుంది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి రెండు ఆకులు అందుకుని మంటలోకి తోస్తుంది. మళ్ళీ గుడ్డ. ఫోన్‌లో వీడియో తీసి, లాగే క్షణం దగ్గర ఆపి, తెర మీద కోణమానిని పెట్టి చూశాను. నడుం ముందుకి 55 డిగ్రీలు. ఆకు అందుకునేటప్పుడు ఆ వంగుడు మీదే పక్కకి మెలిక.

మంట నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికి నాలుగు రేకులు. పొద్దుటి పూటకి ఐదారు వందలు. ఐదారు వందల సార్లు వంగి లేస్తుందనుకున్నాను గానీ అసలు లేవటమే లేదు. వీడియోలో పన్నెండు నిమిషాల పాటు వీపు నిటారుగా వచ్చింది రెండే రెండుసార్లు, రెండుసార్లూ ముఖం తుడుచుకోవడానికి. బరువు ఎత్తితేనే నడుం దెబ్బ తింటుందని మనవాళ్ళ నమ్మకం. ఖాళీ చేతులతో గంటల తరబడి వంగి ఉన్నా చేటే. వెన్ను వెనకున్న కండరాలు ఒంటి పైభాగాన్ని వేలాడకుండా పట్టుకుని అలిసిపోతాయి. ఆ తర్వాత భారమంతా పూసల్ని కలిపి పట్టే నారల్లాంటి కట్లమీద పడుతుంది. తడి తాడు బరువుకి సాగినట్టు అవి మెల్లగా సాగుతాయి. పూసల మధ్య మెత్తటి బిళ్ళలు ముందువైపు నలిగి వెనక్కి ఒత్తుకుంటాయి. పని ముగించి దిగ్గున లేచే ఆ ఒక్క క్షణంలో నడుం పట్టేసేది అందుకే.

పని భంగిమకి మార్కులు వేసే రూలా అనే పద్ధతి ఒకటుంది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1993లో తెచ్చారు. ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు. ఒకటీ రెండూ అయితే ఫర్వాలేదు, ఏడు వస్తే పని తీరు తక్షణం మార్చాలి. అత్తయ్యకి ఏడు వచ్చింది. మిగిలిన ముగ్గురికీ ఏడే.

జులై 2

క్లినిక్‌లో లాగే సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని అడిగాను. చిన్నవాళ్ళు చెప్పారు. అత్తయ్యకీ, రేకు తీసే నలుగురిలో ఒకరైన పెద్దపిన్నికీ ఆ లెక్క ఎక్కలేదు. చివరికి అత్తయ్యే దారి చూపించింది: "రూపాయిలో ఎన్నణాలని అడుగు, చెప్తాను."

అడిగాను. పొద్దున్న లేవగానే ఎనిమిదణాలు, పొయ్యి దిగేసరికి పన్నెండణాలు అంది. సంక్రాంతికయితే పదహారణాలూనట. పెద్దపిన్నికి పనయ్యాక పదణాలు, ఎడమ పిరుదులోంచి తొడ దాకా లాగుతుంది. ఇకనుంచి అందరి లెక్కా అణాల్లోనే రాస్తాను. ఇంత సూటిగా జవాబిచ్చే కొలత నాకు కాలేజీలో దొరకలేదు.

జులై 5

మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా బావగారు సెలవులకి వచ్చారు. మా వారికి పెద్దనాన్నగారి అబ్బాయి. అక్కడ కైరోప్రాక్టర్, అంటే వెన్నుని చేత్తో సర్దే వైద్యుడు. అక్కడ అది రిజిస్ట్రేషన్ ఉన్న వృత్తి. ఆయన వచ్చారని తెలియగానే వీధిలో సగంమంది నడుములు చూపించుకోవడానికి వచ్చేశారు.

కైరోప్రాక్టిక్ అంటే గ్రీకులో చేత్తో చేసే పని అని అర్థమట. ఆ మాట చెప్పగానే పెద్దపిన్ని, "మా రేకు కూడా చేతిపనే కదండీ" అంది. 1895లో అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ ఊళ్ళో డీ.డీ. పామర్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఆయన దగ్గర వెన్ను సరిచేయించుకున్న మొదటి మనిషి ఒక భవనంలో ఊడ్చి తుడిచే పనివాడు. ఇరుకులో వంగి పనిచేస్తుంటే వీపులో ఏదో కదిలిందనీ, అప్పట్నుంచే చెవుడొచ్చిందనీ చెప్పాడు. వెన్ను సరిచేస్తే వినికిడి తిరిగొచ్చిందని పామర్ రాసుకున్నాడు. బావగారు ఆ మాటని ఇప్పుడు ఎవరూ వైద్యంగా చెప్పరన్నారు. నాకు మాత్రం ఆ మొదటి కథలోనే వంగి చేసే పని ఉండటం మనసులో నిలిచిపోయింది.

మనకీ ఉంది కదా ఈ వరస వైద్యం. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం తొక్కించుకోవడం చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్ళో చూశాను. సెలూన్‌లో తలకి నూనె మర్దనా చేసి, ఆఖర్న గడ్డం పట్టుకుని మెడ టక్కుమనిపించడం ఇప్పటికీ ఉంది. ఈ రెండో దాని గురించి బావగారు గట్టిగానే చెప్పారు, నేనూ అంతే గట్టిగా రాస్తున్నాను: చెయ్యనివ్వకండి. మెదడుకి నెత్తురు తీసుకెళ్ళే రెండు గొట్టాలు మెడపూసల రంధ్రాల్లోంచే పైకి పోతాయి. విసురుగా మెలితిప్పితే వాటి లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. అరుదే కానీ, వస్తే తిరిగి రాని నష్టం.

ఆ టక్ చప్పుడు గురించి కూడా అడిగారు ఆడవాళ్ళు. పూస తప్పిందనీ, మళ్ళీ గూట్లో కూర్చుందనీ అందరి నమ్మకం. అది కాదు. కీలు లోపల జిగట ద్రవం ఉంటుంది. రెండు ఎముకల కొసలూ ఒక్కసారి ఎడమైతే ఆ ద్రవంలో గాలి ఖాళీ ఒకటి పుడుతుంది, చప్పుడు అప్పుడొస్తుంది. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో వేళ్ళ కణుపులు లాగుతూ ఎంఆర్ఐలో అది కళ్ళారా చూశారు. చప్పుడు రాకపోతే వైద్యం జరగలేదని కాదు, వస్తే జరిగిందనీ కాదు.

అత్తయ్యని బావగారు పావుగంట పరీక్ష చేశారు. కాళ్ళ బలం, మోకాలి దగ్గర తట్టి చూడటం, స్పర్శ. మల మూత్రాల దగ్గర ఏమైనా తేడా ఉందా, కూర్చునే చోట తిమ్మిరి ఉందా అని నా చేత అడిగించారు. ఆ రెండిట్లో ఒక్కటున్నా నడుం వైద్యం ఆపి, ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. అవి లేవు. అయినా ఆయన అత్తయ్య నడుం మీద విసురు, అంటే చటుక్కున ఒక్క తోపు, పెట్టలేదు. అరవై దాటిన ఆడమనిషి, ఎముక పల్చబడి ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా పెట్టకూడదన్నారు. మెత్తగా కదిపి వదిలేశారు. అత్తయ్య కొంచెం నొచ్చుకుంది. అయినా ఎవరికి చెయ్యకూడదో తెలిసిన చెయ్యిగా ఆయన చేతి మీద నాకు గౌరవం పెరిగింది.

పెద్దపిన్నికి నలభై అయిదు. ఆవిడకి చేశారు. పక్కకి పడుకోబెట్టి, పైకాలు మడిచి, భుజం ఒకవైపు, పిరుదు ఒకవైపు నెమ్మదిగా ఎడం చేసి, ఆఖర్న చిన్న విసురు. లేచి పాక చుట్టూ రెండుసార్లు తిరిగింది. "పదణాలు కాస్తా మూడణాలకొచ్చిందే!" అంది. కళ్ళల్లో నీళ్ళు.

జులై 9

పెద్దపిన్ని ఇవాళ మళ్ళీ తొమ్మిదణాలు చెప్పింది. నాలుగు రోజులు. అందులో మూడు రోజులు పొయ్యి ముందు కూర్చుంది.

బావగారితో చాలాసేపు మాట్లాడాను. ఆయనేం తడబడలేదు. కొత్తగా పట్టేసిన నడుం నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గవాటిలో కాపడం, మర్దనాతోపాటు వెన్ను సర్దుబాటునీ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంస్థ 2017 సూచనల్లో చేర్చింది. ఉపశమనం ఇస్తుందన్న మాట నిజం. మిగతా పద్ధతులకంటే ఎంతో మేలని మాత్రం ఆయనా అనలేదు. "నా చెయ్యయినా నీ వ్యాయామమైనా ఇచ్చేది కాస్త వెసులుబాటేనమ్మా. ఆ వెసులుబాటులో ఆవిడ మళ్ళీ 55 డిగ్రీలు వంగితే మనం చేసింది నిలవదు" అన్నారు.

కాబట్టి పొయ్యే మారాలి. రేపు మేస్త్రి వస్తాడు.

జులై 11

మొదటి ఆలోచన నాదే. బండారులంకలో మా స్నేహితురాలింట్లో గుంట మగ్గం చూశాను. నేతగాడు నేల అంచున కూర్చుని కాళ్ళు గుంటలోకి వేలాడేస్తాడు. కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది, మోకాళ్ళు పైకి రావు, నడుం గుండ్రంగా వంగిపోదు. అలాగే పొయ్యి ముందు గుంట తవ్వితే పొయ్యి కదపక్కర్లేదు, అత్తయ్య అలవాటూ మారదు. ఎంతో చక్కగా అనిపించింది.

18 అంగుళాల లోతు తవ్వించాం. సాయంత్రం అంచులు ఇటుకతో కట్టించాను.

జులై 12

తెల్లారేసరికి గుంటలో జానెడు నీళ్ళు.

"ఊటండి ఇది. కాలవ నిండుగా పారుతోంది కదండీ, ఒండ్రు నేల, ఆగదండి" అన్నాడు మేస్త్రి. బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల మీదుగా కాలవ వదిలి నెల దాటింది. డెల్టాలో పుట్టి పెరిగినదాన్ని, ఈ సంగతి నాకు తట్టి ఉండాల్సింది. నేతవాళ్ళ ఇళ్ళు ఎత్తు అరుగుల మీదుంటాయి, వాళ్ళ గుంట ఆ ఎత్తులోనే ఉంటుంది. మా పాక నేల వీధి మట్టానికే ఉంది.

గుంట పూడ్పించాను. ఒక రోజు కూలీ పోయింది. అత్తయ్య ఏమీ అనలేదు, ఆ మాట అనకపోవడం నాకు ధైర్యమిచ్చింది.

జులై 15

కిందకి వీల్లేదు గనక పైకి. పొయ్యినే అరుగు మీదకి ఎక్కించాలి, మనిషి నిలబడి గానీ ఎత్తు స్టూలు మీద గానీ చెయ్యాలి.

ఎంత ఎత్తు? చేతిపనికి పుస్తకం చెప్పే కొలత మోచెయ్యి. తేలిక పనికి చేతులు మోచేతికి రెండు మూడు అంగుళాలు కింద ఉండాలి. బలం పెట్టి నొక్కే పనికి ఇంకా కింద. నలుగుర్నీ గోడకి నిలబెట్టి మోచేతి దగ్గర బొగ్గుతో గీత పెట్టాను. అత్తయ్యది నేల నుంచి 36 అంగుళాలు. అందరికంటే పొడుగు పెద్దపిన్ని, ఆవిడది 39.

ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. కుండ నెత్తి ఎత్తూ చెయ్యి ఎత్తూ ఒకటి కావు. గుడ్డ లాగేటప్పుడు పిడికిళ్ళు కుండ నెత్తికి పైనే ఉంటాయి. నేను మొదట ఇది మర్చిపోయి, కుండ నెత్తిని అత్తయ్య మోచేతి మట్టానికే కట్టించాను. అంటే ఏడు వరసల ఇటుక, 21 అంగుళాలు, దాని మీద 15 అంగుళాల పాత పొయ్యీ కుండా. అరుగు కింది రెండు వరసలూ నాలుగు అంగుళాలు లోపలికి నొక్కించాను, కాలివేళ్ళు దూరడానికి. అది లేకపోతే మనిషి దూరంగా నిలబడి మళ్ళీ వంగాల్సొస్తుంది. వంటగట్టు కింద ఖాళీ ఉండేది ఇందుకే.

జులై 18

అరుగు ఆరింది. అత్తయ్య నిలబడి యాభై రేకులు తీసింది. నడుం నిటారుగా ఉంది, కానీ భుజాలు చెవుల దాకా లేచిపోయాయి. "నడుం నొప్పి తీసుకెళ్ళి మెడకి పెట్టావే" అంది.

ఒక వరస తీసేద్దామా అన్నాడు మేస్త్రి. తీస్తే అత్తయ్యకి సరిపోతుంది, పెద్దపిన్నికి మళ్ళీ వంగుడే. అలా కాదనుకున్నాం. పనిబల్ల అందరికంటే పొడుగు మనిషికి కట్టి, పొట్టివాళ్ళని పైకి లేపాలి. అరుగు తగ్గించుకుంటూ పోతే పొడుగువాళ్ళకి ఇక దారి ఉండదు, పొట్టివాళ్ళకి మాత్రం కాళ్ళకింద చెక్క వెయ్యొచ్చు. మూడంగుళాల ఎత్తు, మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చెక్క చేయించాం. చిన్న పీటయితే పొయ్యి ముందు కాలు జారే భయం ఉంటుంది గనక వెడల్పు పెట్టించాను. అరుగుకి ఆనించి మేకు కూడా కొట్టించాను.

పిండి గిన్నెకి కుడిపక్కన అదే ఎత్తులో చిన్న గట్టు. కొబ్బరాకులకి ఎడమపక్కన, వెనక కాదు, ముందుకి, ఒక అర. ఇప్పుడు మెలిక లేదు. ఇంత చిన్న మార్పుకి రూపాయి ఖర్చు లేదు, పాత పొయ్యి దగ్గర కూడా చెయ్యగలిగినదే. మీ పాకలో ఏమీ కట్టించుకోలేకపోయినా ఆకుల మోపుని వెనక నుంచి ముందుకి జరపండి.

జులై 21

రేకులు చిట్లుతున్నాయి.

పాకలో నేలమీద గాలి తగలదు. రెండడుగులు పైకి లేచేసరికి పడమటి తడికలోంచి గాలి సూటిగా కుండకి కొడుతోంది. కుండ ఒకవైపు కాలి, ఒకవైపు చల్లబడుతోంది. చల్లటి వైపు రేకు అంటుకుపోతోంది, కాలిన వైపు పగులుతోంది. అత్తయ్య వెళ్ళి తన పాత పీట మీద కూర్చుంది. నేనూ బతిమాలలేదు. రేకు పాడైతే ఎంత సుఖమైన పొయ్యయినా ఎవరికీ అక్కర్లేదు, వందకింత అని లెక్కకట్టే పనిలో చిట్లిన రేకుకి డబ్బులు రావు.

జులై 23

పొయ్యికి పడమటి వైపు బంకమట్టీ ఊకా కలిపి జానెడు గోడ పెట్టింది పెద్దపిన్నే. నాకు చెప్పలేదు, ఎవర్నీ అడగలేదు. పొద్దున్న వెళ్ళేసరికి పెట్టేసి, ఆరబెట్టి, అలికి ఉంచింది. మధ్యాహ్నం రేకు దీపానికి అడ్డం పెడితే అవతల వేలు కనపడింది. అంత పల్చగా వచ్చింది.

జులై 29

నిలబడి చెయ్యడం నడుముకి మంచిదని మిగతా ఒళ్ళంతటికీ మంచిదనుకోకూడదు. నాలుగో రోజుకి అత్తయ్య కాళ్ళు వాచాయి. పిక్కల మీద నీలం నరాలు ఉబ్బాయి. వడ్రంగి చేత 25 అంగుళాల ఎత్తు స్టూలు చేయించాను, కూర్చునే చెక్క ముందుకి కాస్త వాలుగా. పూర్తిగా కూర్చున్నట్టూ కాదు, నిలబడ్డట్టూ కాదు, ఒరిగినట్టు. తొడలు కిందికి వాలితే నడుం తన సహజమైన వంపులోనే ఉంటుంది. మరీ తక్కువ ఎత్తులో కూర్చుంటే మోకాళ్ళు పైకొచ్చి, కటి వెనక్కి తిరిగి, నడుం గుండ్రంగా అయిపోతుంది. పీట మీద జరిగేది అదే.

నిలబడ్డప్పుడు ఒక కాలు ఇటుక మీద పెట్టుకోమన్నాను, మార్చి మార్చి. వంద రేకులకి ఒకసారి నిలబడటం, వందకి ఒకసారి ఒరగడం. వాళ్ళు ఎలాగూ వందల్లోనే లెక్కపెడతారు, గడియారం చూడక్కర్లేదు. వంద పేర్చగానే నడుం మీద రెండు చేతులూ ఆనించి వెనక్కి ఐదుసార్లు వంగడం. అరనిమిషం పని.

ఆగస్టు 6

చుట్టే ఇద్దరి సంగతి తొందరగా తేలిపోయింది. వాళ్ళు నేలమీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో పెట్టుకున్నంత కిందుగా తడిగుడ్డ మీద రేకు పరిచి, నెయ్యి రాసి, బెల్లప్పొడి జల్లి మడుస్తారు. మెడ రోజంతా కిందికే. టేబులూ కుర్చీ వద్దన్నారు. పది అంగుళాల ఎత్తు బల్ల చాలన్నారు, దానితోనే మెడ లేచింది.

పంచదార బస్తా 50 కిలోలు. షాపు నుంచి వచ్చినదాన్ని ఇన్నాళ్ళూ చిన్నక్క ఒక్కతే ఈడ్చి, మోకాలు ఆనించి, అటక మీదకి ఎక్కించేది. అమెరికాలో నియోష్ అనే పని భద్రతా సంస్థ 1991 లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తులో, మెలిక లేకుండా ఉన్నా, ఒక మనిషి ఎత్తదగ్గది 23 కిలోలే. దూరం పెరిగినకొద్దీ, నేల నుంచి లేపాల్సొచ్చినకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు 25 కిలోల మూటలు తెప్పిస్తున్నాం, ఇద్దరు పట్టుకుంటున్నారు, అటక బదులు నడుమెత్తు బల్ల. 15 కిలోల నెయ్యి డబ్బా కూడా దాని మీదే.

ఇంతా చేశాక కూడా మిగతా ముగ్గురూ తమ పొయ్యిలు లేపడానికి ఒప్పుకోలేదు. "నీకు డాక్టరమ్మ కోడలుంది, ఏవైనా చేస్తుంది" అని అత్తయ్యతో అన్నారు. కొత్త పొయ్యి మీద ఒక్కో వంద చేసి చూశారు. మళ్ళీ పీటల మీదకే వెళ్ళారు. చేతికి వచ్చిన లాగు మారితే రేకు పాడవుతుందని వాళ్ళ భయం, అది న్యాయమైన భయమే. నేను పట్టుబట్టలేదు.

ఆగస్టు 14

ఎగువన వానలు. ధవళేశ్వరం దగ్గర నిన్న రాత్రి 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఎగరేశారు. లంకల్లోవాళ్ళు గట్టు మీదకి వచ్చేశారు. మా ఊళ్ళోకి గోదారి రాలేదు గానీ, మురుగు పారక, రెండు రోజుల వానకి పాకలో నాలుగు వేళ్ళ నీరు నిలిచింది.

మూడు పాత పొయ్యిలూ నానిపోయాయి. ఒకదాని నోరు కూలింది. అరుగు మీద పొయ్యి మాత్రం పొడిగా ఉంది. దాని పక్క అరలో ఉన్న కొబ్బరాకులూ పొడిగానే ఉన్నాయి. రాజమండ్రి పెళ్ళివారి ఆర్డరు ఎల్లుండికి ఇవ్వాలి. నలుగురూ వంతులేసుకుని ఆ ఒక్క పొయ్యి మీదే పొద్దున్న ఐదు నుంచి రాత్రి దాకా తీశారు. నిలబడి, ఒరిగి, మళ్ళీ నిలబడి.

ఆగస్టు 17

ఆర్డరు వెళ్ళింది. పొద్దున్నే పెద్దపిన్ని వచ్చి, "మేస్త్రిని ఎప్పుడు పిలుస్తావమ్మా?" అంది. వెనకే మిగతా ఇద్దరూ. నడుం గురించి నేను నెలన్నర చెప్పిన మాటల కంటే వాననీళ్ళు గట్టిగా పనిచేశాయి. నాకు సంతోషమే. ఏ కారణానికైనా సరే, వాళ్ళు ఆ పీటల మీంచి లేచారు.

ఒక్కో పొయ్యికి ఇటుక, సిమెంటు, ఇసుక, మేస్త్రి కూలీ కలిపి నాలుగున్నర వేలయింది. స్టూలుకి ఎనిమిది వందలు, చెక్కకి మూడు వందలు.

సెప్టెంబరు 10

నాలుగు పొయ్యిలూ లేచి మూడు వారాలు. అణాల పద్దు:

అత్తయ్య పొయ్యి దిగేసరికి పన్నెండు నుంచి ఐదణాలకొచ్చింది. పొద్దున్న లేవగానే మూడు. మంచంకోడు పట్టుకోవడం మానేసింది, ఆ సంగతి ఆవిడకి తెలీదు, నేను చూస్తున్నాను. పెద్దపిన్ని పది నుంచి నాలుగు. తొడలోకి లాగడం పోయింది. బావగారు వెళ్ళేముందు ఇంకోసారి చేశారు, ఆ తర్వాత నేను నేర్పిన వ్యాయామాలు చేస్తోంది. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. అయితే మొదటిసారి నాలుగు రోజులకే తిరిగొచ్చిన నొప్పి ఈసారి రాలేదు, మధ్యలో మారింది పొయ్యే.

మూడో ఆవిడకి నడుం ఏడు నుంచి మూడుకి వచ్చింది, కుడిభుజం మాత్రం నాలుగు నుంచి ఆరుకి పెరిగింది. వీడియో తీశాను. కుండకి అవతలి అంచు దాకా గుడ్డ లాగడానికి చెయ్యి పూర్తిగా చాస్తోంది. ఆవిడ పొయ్యి అరుగు మధ్యలో ఉంది, ముందుకి జరపాలి. మూడంగుళాలు జరిపితే చాలనుకుంటున్నాను. ఆదివారం జరుపుతాం.

రూలా మార్కు ఏడు నుంచి అత్తయ్యకి మూడు, మిగతావాళ్ళకి మూడూ నాలుగూ. మణికట్టు దగ్గర ఇంకా తగ్గటం లేదు. గుడ్డ లాగే తీరులోనే మణికట్టు తిరుగుతుంది, ఆ తిప్పులోనే రేకు పల్చదనం ఉంది. దానికి చేతులు మార్చుకోవడం, వందల మధ్య వేళ్ళు చాపి ముడవడం తప్ప నా దగ్గర వేరే దారి లేదు. పొగ సంగతి కూడా మిగిలే ఉంది. నిలబడితే ముఖానికి మునుపటికంటే పొగ తక్కువే కానీ పాక కప్పుకి గొట్టం పెట్టాలి. అది దసరా అయ్యాక.

సెప్టెంబరు 13

మూడో ఆవిడ పొయ్యి జరిపాం. మూడు చాలలేదు, నాలుగంగుళాలు పట్టింది.

సాయంత్రం రేవు వీధి నుంచి ఇద్దరొచ్చి పొయ్యిలు చూసి వెళ్ళారు. ఒకావిడ చెక్క మీదెక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, గుడ్డ లేకుండానే చేతులు లాగి చూసుకుంది. ఎన్ని వరసలు కట్టించాలని అడిగింది. నేను చెప్పేలోగా అత్తయ్య అందుకుంది: "వరసలడక్కు. ముందు గోడకి నిలబడు." పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసి, ఆవిడ మోచెయ్యి మడిచి, గోడ మీద గీత పెట్టింది. మా నాలుగు గీతల పక్కన ఐదోది.

రేపు పొద్దున్న ఏడింటికి మేస్త్రి నేరుగా రేవు వీధికే వెళ్తాడు. నేను టేపు పట్టుకుని వస్తానన్నాను. అత్తయ్య కూడా వస్తానంది.